పెళ్లిళ్లు లేని నెలలో బొంతల పని

పుష్యమాసంలో పెళ్లిళ్లుండవు. గృహప్రవేశాలుండవు. పంచాంగం ఆ నెలను శూన్యమాసమని పక్కన పెడుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు మాత్రం ఆ నెలలోనే ఒక పెద్ద పని పడేది. సందుగ అడుగున మూటకట్టి ఉంచిన పాత చీరలు, విడిచిన ధోతులు, చినిగిన తువ్వాళ్లు, పిల్లలకు పొట్టివైన లాగులు, అంగీలు బయటికొచ్చేవి. వాటిని ఉతికి, ఎండేసి, పేడతో అలికిన వాకిట్లో పరిచి బొంతలు కుట్టేవాళ్లు. మాఘం రాగానే లగ్గాలు మొదలవుతాయి, చుట్టాలు దిగుతారు, వచ్చినవాళ్లకు పడకలు కావాలి. బిడ్డ కాన్పుకు పుట్టింటికొస్తే పసిగుడ్డు కింద వేయడానికి మెత్తటి చిన్న బొంత కావాలి. శుభకార్యాలు లేని నెలలో కుట్టి పెట్టుకున్నదే మిగతా ఏడాదికి పడక.

ఈ మూడు ఊళ్ల పేరెత్తితే ఎవరికైనా ముందు ఎండలే గుర్తొస్తాయి. మే నెలలో 45 డిగ్రీలను తాకే నేల ఇది. చలి ఉండేది ఆరేడు వారాలు. తెల్లవారుజామున 15 డిగ్రీల దరిదాపులకు దిగితే చాలు, ముసలివాళ్లు చలిమంట దగ్గర్నుంచి లేవరు. ఇంత కొద్దిపాటి చలికి అంత కుట్టుపని ఎందుకని అడగవచ్చు. బొంతను కప్పుకోవడం కంటే పరుచుకోవడమే ఎక్కువ. నులక మంచం మీద వేసేది అదే, నేల మీద పరిచేది అదే, బండి కట్టినప్పుడు గడ్డి మీద వేసేది అదే. వేసవి రాత్రుల్లో ఆరుబయట పడుకున్నా ఒంటి కింద అదే. దూది పరుపు కలిగినవాళ్ల ఇళ్లలో ఉండేది. తక్కిన ఊరంతా పుట్టింది, పెరిగింది, పండుకున్నది బొంత మీదే.

కుట్టే తీరు చెప్పుకోదగ్గది. అన్నిటికంటే గట్టిగా ఉన్న చీరను ముందు నేల మీద పరుస్తారు. ముడతలు లేకుండా లాగి, నాలుగు మూలలా రాళ్లో, రోకలో, ఇత్తడి చెంబులో పెడతారు. దాని మీద ధోతి ముక్కలు, తువ్వాళ్లు, లంగా గుడ్డలు, చేతికి ఏది దొరికితే అది, పొర మీద పొరగా పేరుస్తారు. పేర్చడంలోనే పనితనమంతా ఉంది. ఒకచోట నాలుగు పొరలు, పక్కనే ఏడు పొరలు పడితే ఆ గడ్డ వీపుకు తగులుతుంది. చిరుగున్నచోట మరో ముక్క, దళసరిగా ఉన్నచోట పలుచటి గుడ్డ. పైన, పదిమందీ చూసేవైపు, ఉన్నవాటిలో రంగు నిలిచిన చీర. అంచులు లోపలికి మడిచి ముందు చుట్టూ పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలా ఒక పక్క కూర్చొని, అంచు నుంచి నడిమికి వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ వస్తారు. సాదా కుట్టే. సూది కిందికి పోవాలి, పైకి రావాలి, అన్ని పొరల్నీ పట్టుకొని రావాలి. మందం ఎక్కువైతే సూది మొండికేస్తుంది, అప్పుడు దబ్బనం అందుకోవాల్సిందే. వరుసకూ వరుసకూ మధ్య వేలెడు సందు. సందు పెరిగితే లోపలి గుడ్డ ఉతుకులో ఒకపక్కకు జారి ముద్ద కడుతుంది. సందు తగ్గితే బొంత గట్టిపడి అట్టలా అవుతుంది. ఇది ఏ బడిలోనూ నేర్పలేదు. తోడికోడళ్లు, ఆడబిడ్డలు, ఎదురింటి వదిన అందరూ కూర్చొని కుట్టేచోట పదేళ్ల పిల్ల సూదిలో దారం ఎక్కించి ఇస్తూ నేర్చుకునేది.

దారం కొనే ఇళ్లు కొన్ని. కొననివాళ్లు చీర అంచులోంచి పోగులు లాగి, రెండు మూడు కలిపి పేని దారం చేసుకునేవాళ్లు. బెంగాల్ కాంథా కుట్టేవాళ్లదీ ఇదే పద్ధతి. నిజానికి చీర, ధోతి కట్టే నేలలన్నిట్లోనూ ఈ పని ఉంది. మరాఠీ ఇళ్లలో గోధడి, కన్నడ ఇళ్లలో కౌది, బిహార్‌లో సుజని, సింధులో రల్లి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ల సంతతి, తమ కవంది బొంతల నాలుగు మూలలా ముక్కోణపు గుడ్డలు మడిచి పువ్వుల్లా కుడతారు. అవి లేకపోతే బొంత పూర్తి కానట్టే లెక్క. కుట్టని నిలువు గుడ్డ కట్టుకున్నచోట ఆ గుడ్డకు రెండో బతుకు బొంతలోనే. కాంథాకు, కవందికి ఇప్పుడు పుస్తకాలున్నాయి, ప్రదర్శనలున్నాయి. మన బొంతకు అంత పలుకుబడి రాలేదు. అది అందం తక్కువై కాదు, అడిగినవాళ్లు తక్కువై.

చలికాలపు ఇంటి దినచర్య చూస్తే ఈ కుట్టుపని ఎక్కడ ఇమిడిందో తెలుస్తుంది. డిసెంబరు నడిమి నుంచి భోగి దాకా ధనుర్మాసం. వైష్ణవ గుళ్లలో చీకటితోనే తిరుప్పావై వినిపిస్తుంది, తలుపు తీసేసరికి పొంగలి ప్రసాదం సిద్ధం. ఇళ్లలో కట్టెల పొయ్యి మీద కాగు ఎక్కుతుంది, ఉడుకు నీళ్లకు పిల్లలు వరుస కడతారు. వాకిట్లో ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మ. మెట్ట పొలాల నుంచి పచ్చి కందికాయలు మోపులుగా ఇంటికొచ్చే రోజులివి. ఉప్పేసి ఉడకబెట్టి చాటలో పోస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఒలుచుకు తింటారు. అనుపకాయల కూర, జొన్నరొట్టె, రాత్రికి గట్క. సంక్రాంతి ముందర వారం సకినాల పని. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట పరిచి, వేళ్ల సందుల్లోంచి పిండిని తిప్పుతూ చుట్లు చుట్టడం. ఆ పనికీ పదిమంది కావాలి. ఇవాళ వీళ్లింట్లో సకినాలైతే రేపు వాళ్లింట్లో. అదే గుంపు, అదే వాకిలి, అదే ఎండపొడ. పగటి పూట రెండు మూడు గంటలు ఒకచోట కూర్చునే వీలు ఉన్నది గనుకనే బొంత అక్కడ కుదిరింది. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, బొంత ఎందుకు తగ్గిపోయిందో తెలియాలంటే ఈ రెండు మూడు గంటలు ఏమయ్యాయో చూడాలి.

బొంత ఒక్కటే కాదు, చలికి ఈ నేలమీద ఇంకో జవాబు గొంగడి. కురుమలు దక్కనీ నల్లగొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, ఇంట్లో ఆడవాళ్లు వడికిన నూలును గుంటమగ్గం మీద నేసేవాళ్లు. చింతగింజలు నానబెట్టి నూరి కాచిన గంజి ఆ నూలుకు పట్టిస్తే గట్టిదనం వస్తుంది. కొత్త గొంగడి ఒంటికి గుచ్చుకుంటుంది, అయినా వానను ఆపుతుంది, చలిని ఆపుతుంది. తల మీద కొప్పెర వేసుకుంటే గొడుగు, కింద పరిస్తే పడక, మడిచి భుజాన వేస్తే మూట. గొర్రెల కాపరి నెలల తరబడి ఊరు విడిచి మందతో తిరిగేవాడు కాబట్టి అతనికి ఇల్లు కూడా అదే. మగవాళ్లది గొంగడి, ఆడవాళ్లది బొంత అని గీత గీయడం సరికాదు కానీ, ఒకటి పొలం గట్టున, ఇంకొకటి ఇంటి అర్రలో ఎక్కువగా కనిపించేవి. సుద్దాల హనుమంతు పశులు కాసే పిల్లవాడి మీద రాసిన పాట 1980లో వచ్చిన ‘మాభూమి’ సినిమాతో నలుమూలలకూ చేరింది. అందులోనూ ఆ పసివాడి ఒంటి మీద ఉన్నది చిరిగిన గొంగడే.

గొంగడికి గుడిలాంటి చోటు పెద్దగట్టు, దానికే గొల్లగట్టు అని మరో పేరు. సూర్యాపేట నుంచి కోదాడ దారిలో ఆరేడు కిలోమీటర్లు పోతే దురాజ్‌పల్లి. అక్కడి గుట్ట మీద లింగమంతులస్వామి, చౌడమ్మ. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఈ గొల్లగట్టు జాతరను తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతరగా చెప్పుకుంటారు. కేసారం ఊరి నుంచి దేవుళ్ల విగ్రహాలుండే దేవరపెట్టె గట్టుకు చేరాక జాతర మొదలైనట్టు. ఓ లింగా అని అరుస్తూ, డోళ్లు కొడుతూ, గొర్రెపొట్టేళ్లను తోలుకొని యాదవ కుటుంబాలు గుట్ట ఎక్కుతాయి. జనం ఎంతంటే హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద బండ్లను దారి మళ్లించాల్సి వస్తుంది. 2025లో జాతర ఫిబ్రవరి 16న మొదలై అయిదు రోజులు సాగింది. పూర్వం ఎడ్లబండ్ల మీద వచ్చి గుట్ట కింద దిగేవాళ్లు. రాత్రి మంచు కురిసే వేళ బండి కింద గడ్డి, గడ్డి మీద బొంత, బొంత మీద పిల్లలు, పైన గొంగడి.

చలికాలపు చిన్న ప్రయాణాల్లో ఇంకొకటి, జనవరిలో వచ్చే జాన్‌పహాడ్ ఉర్సు. మిర్యాలగూడకు, హుజూర్‌నగర్‌కు నడుమ, పాలకవీడు మండలంలో కృష్ణా తీరానికి దగ్గర్లో ఉంది ఈ దర్గా. జనం పిలిచేది జాన్‌పహాడ్ సైదులు అని. మూడు రోజుల ఉర్సు, అందులో గంధం ఊరేగింపు నాటికి తిరనాళ్ల సందడి. ముస్లింలతో సమానంగా హిందువులు వస్తారు, తండాల నుంచి లంబాడీలు వస్తారు, మొక్కు తీర్చుకొని కందూరు చేసి అక్కడే వండుకొని తింటారు. పాత నల్లగొండ జిల్లా ఓటర్ల జాబితా ఏ ఊరిది తిరగేసినా సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదానాయక్ కనిపిస్తారు. కులం ఏదైనా, మతం ఏదైనా, పేరు ఆ దర్గాది. ఒక రాత్రి అక్కడ నిద్ర చేసి రావడం మొక్కులో భాగమైనవాళ్లకు మూటలో మొదట కట్టేది వంట గిన్నెలు, తర్వాత బొంత.

దగ్గరి విహారాలకూ కొదవ లేదు. సూర్యాపేట పట్నానికి ఆనుకొని పిల్లలమర్రి. రేచర్ల నాయకుడు బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం అక్కడ ఉంది. కాకతీయుల కాలంలో ఒక స్త్రీ తన పేరున గుడి కట్టించి శాసనం వేయించింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు చదువుకుంటున్నాం. అదే గుడి చుట్టూ ఉన్న ఇళ్లలో తరతరాలుగా బొంతలు కుట్టిన ఆడవాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. రాయి నిలుస్తుంది, గుడ్డ నిలవదు. చరిత్ర రాసేవాళ్లు నిలిచినదాన్నే పట్టుకోవడం సహజమే. కానీ గుడ్డను చేసిన చేతులు మొన్నమొన్నటి దాకా మన మధ్యే ఉన్నాయి, ఇంకా కొన్ని ఉన్నాయి. ఇక మిగతా విహారాల మాటకొస్తే, ముక్కోటి ఏకాదశికి కోదాడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లు మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికి, మిర్యాలగూడ వాళ్లు మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లికి పోతారు. పొద్దున పోయి మాపటికి ఇంటికొచ్చే ప్రయాణాలివి.

మళ్లీ పడకల దగ్గరికి వస్తే, పరుపు ఉన్న ఇళ్లకు చలికాలంలో వచ్చే మనిషి దూదేకుల సాయిబు. ధనుర్మాసంలో భుజాన మనిషంత పొడుగు విల్లు వేసుకొని వీధిలోకి వచ్చేవాడు. ఆ విల్లుకు నరంతో చేసిన తీగ, కొట్టడానికి చేతిలో కొయ్య. పాత పరుపు విప్పి గడ్డకట్టిన దూదిని నేల మీద పోసి, తీగను దాని మీద ఆడిస్తూ కొయ్యతో కొడితే దూది విడివడి తేలుతుంది. టంగుటంగుమనే ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది, పిల్లలు ముక్కుల మీద దూది పడేదాకా చుట్టూ నిలబడేవాళ్లు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద అచ్చేసిన ఏడు సంపుటాల్లో దూదేకులవాళ్ల ప్రస్తావన ఉంది. దూది ఏకడమే వృత్తిగా, తెలుగే ఇంటి భాషగా బతికిన ముస్లింలు వీళ్లు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో అందరికంటే పేరున్న సిద్దయ్య దూదేకులవాడే. ఏకే యంత్రాలు వచ్చాక విల్లు మూలపడింది, ఫోము పరుపులు వచ్చాక ఆ యంత్రాలకూ పని తగ్గింది.

లంబాడీ తండాల సంగతి వేరుగా చెప్పాలి. మిర్యాలగూడ, దామరచర్ల, సూర్యాపేట చుట్టూ తండాలు ఎక్కువ. రైలు రాకముందు దక్కను అంతటా ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ తిరిగినవాళ్ల సంతానం వీళ్లు. ఏడాదిలో చాలాభాగం దారిలోనే గడిపే జాతికి సామానంతా మడిచి ఎద్దు మీద వేయగలిగేదై ఉండాలి. అందుకే వాళ్ల కళ గోడల మీద కాక గుడ్డ మీద పెరిగింది. అద్దాలు, గవ్వలు, రంగురంగుల ముక్కలు, దళసరిగా పొరలు వేసి దగ్గర దగ్గరగా కుట్టిన సంచులు, పరుపుగుడ్డలు. పక్క ఊరి బొంతలో ఇంటి అవసరం కనిపిస్తే తండా కుట్టులో దానికి తోడు చూపు కూడా కనిపిస్తుంది. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు, ఎక్కడా తడబాటు ఉండదు. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన తండాల్లో అదే చేతిపని ఉన్న అవ్వలు ఇంకా ఉన్నారు.

ఈ ప్రాంతపు ఇరవయ్యో శతాబ్దపు చరిత్ర చెప్పేవాళ్లు ఎవరైనా 1946–51 సాయుధ పోరాటం దగ్గర ఆగుతారు, ఆగాలి కూడా. ఆ రోజుల్లో దొర గడీకి గొల్ల కురుమలు గొర్రెలు ఇచ్చుకోవాలి, కుమ్మరి కుండలివ్వాలి, చాకలి వెట్టికి బట్టలుతకాలి. ఎవరి చెమటా వాళ్లది కాదు. దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధకాలపు గుడ్డ కరువు. కట్టుకోవడానికే చీర దొరకనప్పుడు బొంతలోకి వేయడానికి ఏం మిగులుతుంది? నలిగి పోగులు తేలిన గుడ్డకు మళ్లీ అతుకు, ఆ అతుకు మీద ఇంకో అతుకు. సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం కలిగిన ఇంటి ఆడపిల్లగా ఉండీ ఆ బతుకులను చూసి పోరాటంలోకి వెళ్లారు. ఆమె ఆత్మకథ 2019లో వచ్చింది. అంతకుముందే 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరున ఆ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని రికార్డు చేసి అచ్చేశారు. ఆ పుస్తకం చేసిన మేలు పెద్దది. ఎదురుగా కూర్చొని అడిగితే ఇంటి ఆడవాళ్ల జ్ఞాపకమే చరిత్ర అవుతుందని అది రుజువు చేసింది. తుపాకీ పట్టినవాళ్లను అడిగినట్టే సూది పట్టినవాళ్లనూ అడగవచ్చు. ఈ బొంతలో ఏ ఏ చీరలున్నాయి, ఎవరివి, ఏ ఏడు కొన్నవి, ఎవరెవరు కుట్టారు అని. ఒక బొంత పొరలు విప్పితే ఒక ఇంటి పదిహేనేళ్ల జమాఖర్చు బయటపడుతుంది.

ఇక ఆ పగటి రెండు మూడు గంటలు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చేలల్లోకి కృష్ణ నీళ్లు వచ్చాక ఆముదం, జొన్న, కంది పండిన నేల వరిమళ్లుగా మారింది. మిర్యాలగూడ రైసు మిల్లుల పట్నమైంది. అన్నం దొరికింది, కూలి దొరికింది. జొన్నగట్క తాగిన నోళ్లు రెండు పూటలా వరన్నం తిన్నాయి. ఇది కాదనలేని మేలు, ఆ మేలును తక్కువ చేసి పాతకాలాన్ని పొగిడే పని ఇక్కడ లేదు. కానీ పంటతో పాటు నెలల తీరూ మారింది. యాసంగి వరికి నాట్లు పడేది సరిగ్గా డిసెంబరు చివర, జనవరిలో. అలికిన వాకిట్లో దారం లాగుతూ కూర్చున్న చేతులే ఇప్పుడు పొద్దుగాల చలిలో మోకాటి లోతు బురదలో నారు నాటుతున్నాయి. నాట్లు ఆడవాళ్ల పనే కదా. శూన్యమాసం పెళ్లిళ్లకు శూన్యంగానే మిగిలింది, కూలి పనికి మాత్రం అన్నిటికంటే రద్దీ నెలల్లో ఒకటైంది. బొంత తగ్గడానికి టీవీ కారణమని, సోమరితనం కారణమని అనేవాళ్లు ఈ నాట్ల లెక్క చూడాలి. ఆడవాళ్ల తీరిక ఎవరూ అడక్కుండానే పొలంలోకి పోయింది. కాలువ నీళ్లు చేరని తుంగతుర్తి, సూర్యాపేట మెట్ట పల్లెల్లో పాత నెలల తీరు ఇంకొంత కాలం సాగింది. వాటికి శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల్లో గోదావరి నీళ్లు అందింది చాలా ఆలస్యంగా.

కాలువలు గొంగడినీ తాకాయి. మేత బీళ్లు మళ్లయ్యాక మందలు తగ్గాయి. మిగిలిన మందల్లో ఉన్ని లేని, మాంసానికి పనికొచ్చే ఎర్రగొర్రె పెరిగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు రాయితీ మీద ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చినప్పుడు కూడా ఆలోచనంతా మాంసం మీదే. నల్ల ఉన్ని లేకపోతే గుంటమగ్గం ఏం నేస్తుంది?

నీళ్ల తర్వాత గుడ్డ మారింది. నూలు చీర ఏడాదిలో మెత్తబడుతుంది, రెండేళ్లలో వెలుస్తుంది, మూడో ఏట బొంతలోకి వెళ్తుంది. దాని గొప్పతనం చిరగడంలోనే ఉంది. పాతబడేకొద్దీ ఒంటికి హాయినిచ్చే గుణం నూలుది. నైలాన్, పాలియెస్టర్ చీరలు వచ్చాక అవి చిరగవు, వెలవవు, మెత్తబడవు, చెమట పీల్చవు. పొరలుగా పేరిస్తే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పొయ్యి పక్కన నిప్పురవ్వ పడితే నూలు కాలి చిల్లు పడుతుంది, పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. పసిపిల్ల కింద దాన్ని వేయడానికి ఏ అమ్మమ్మకూ మనసొప్పదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సగం ధరకు ఇచ్చిన జనతా చీరలు, ధోతులు నూలువి, చేనేతవి. 2017 నుంచి బతుకమ్మ పండుగకు పంచిన చీరలు చాలా మటుకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలియెస్టర్‌వి. సిరిసిల్ల నేతన్నకు పని దొరకడం మంచిదే. అయితే ఒక తరం తేడాలో ప్రభుత్వం పంచే చీర కూడా బొంతకు పనికిరాని గుడ్డగా మారిందన్న నిజం ఆ రెండు పథకాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మిగిలిన నూలు గుడ్డలకూ ఇంకో గిరాకీ వచ్చింది. గంప నెత్తిన పెట్టుకొని పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామంటూ వీధుల్లోకి వచ్చినవాళ్లు ఇంటి మూటల్ని తేలిక చేశారు. నాలుగు చీరలకు ఒక గిన్నె, జరీ అంచుంటే ఇంకాస్త పెద్ద గిన్నె. బేరం గంటసేపు నడిచేది. మట్టికుండ, సత్తుగిన్నెల ఇంట్లో మెరిసే స్టీలు డబ్బా ఎంత గౌరవమో ఆ రోజులు చూసినవాళ్లకు తెలుసు. బొంత కుట్టాలంటే పది పగళ్లు కూర్చోవాలి, గిన్నె అయితే ఇప్పుడే చేతికొస్తుంది. తూకం ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు డిసెంబరు వచ్చిందంటే జాతీయ రహదారి పక్కన, సూర్యాపేటలోనూ కోదాడలోనూ రగ్గుల గుట్టలు వెలుస్తాయి. వాటిలో చాలా మటుకు పానిపట్ వైపు నుంచి వచ్చేవే. పానిపట్ కథ విచిత్రమైనది. యూరప్, అమెరికాల్లో జనం వదిలేసిన ఉన్ని కోట్లు, స్వెటర్లు ఓడల్లో వచ్చి అక్కడ చేరతాయి. వాటిని రంగుల వారీగా విడదీసి, చింపి, పీచు చేసి, మళ్లీ వడికి చవక కంబళ్లు నేశారు దశాబ్దాల పాటు. ఈ మధ్య వాటి స్థానంలోనూ మెత్తటి పాలియెస్టర్ రగ్గులు నిండాయి. అంటే దూరదేశాల్లో ఎవరో కట్టి విడిచిన బట్ట కోదాడ ఇంట్లో పడక అయింది, కోదాడ ఇంట్లో కట్టి విడిచిన చీర గంపలో ఎక్కి ఊరు దాటింది. పాత బట్టతో పడక చేసుకోవడమనే ఆలోచన పోలేదు. అది ఇంటి ఆడవాళ్ల చేతుల్లోంచి కార్ఖానా చేతుల్లోకి పోయింది, లాభంతో సహా.

చేతిలో ఉండగా విలువ తెలిసిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్‌బెండ్ అనే మారుమూల పల్లె, పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ల సంతతి ఉండే ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పాత పని బట్టలతో, చినిగిన ప్యాంట్లతో ఇంటి చలి కోసం కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలకు ఎక్కించింది, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియం పిలిచింది. చూడడానికి జనం బారులు తీరారు. ఆ ఆడవాళ్లు కొత్తగా ఏమీ చేయలేదు. ఎవరో వచ్చి చూశారు, ఎవరు కుట్టారో పేరు రాసుకున్నారు, అంతే. ఫణిగిరి గుట్ట మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ శిల్పాలను జాగ్రత్త చేస్తున్న సూర్యాపేట జిల్లాకు యాభై ఏళ్ల నాటి బొంతలను జాగ్రత్త చేయడం కష్టం కాదు. రెండిటికీ కావలసింది ఒకటే, తేదీ, ఊరు, చేసినవారి పేరు రాసిన చిన్న కాగితం.

బొంత పూర్తిగా పోలేదు. తెలంగాణ పట్నాల్లో ఇప్పుడు ఆటోలో కుట్టుమిషను పెట్టుకొని వీధి వీధి తిరిగేవాళ్లున్నారు. పాత చీరలు ఇస్తే కళ్లముందే కుట్టి ఇచ్చి పోతారు. మిషను బొంత గట్టిగా ఉంటుంది, వరుసలు గీత గీసినట్టుంటాయి, పాలియెస్టర్ చీరలు జారకుండా అడ్డం నిలువు రెండు వైపులా కుట్లు పడతాయి. చేతి బొంతంత మెత్తగా ఉండదని ముసలివాళ్లు అంటారు, ఉతికితే త్వరగా ఆరుతుందని కోడళ్లు అంటారు, రెండూ నిజమే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కార్లు కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర బారులు తీరి కోదాడ మీదుగా ఆంధ్రా వైపు సాగే రోజుల్లో, ఆ దారి పొడవునా పల్లెల్లో నాట్లు నడుస్తుంటాయి. నాట్లయ్యాక జాన్‌పహాడ్ ఉర్సుకు ట్రాలీ ఆటోల్లో పోయే కుటుంబాలు కప్పుకోవడానికి కొత్త రగ్గులు తీసుకుపోతాయి. కింద పరచడానికి మాత్రం బొంతే వేస్తారు. మట్టి అంటినా, పులుసు ఒలికినా, పిల్లవాడు తడిపినా పొద్దున కాలువలో జాడించి ఆటో మీద ఆరేస్తే ఇంటికి చేరేసరికి సగం ఆరిపోతుంది.